వెలగని బిళ్ల

నిన్న తిరుప్పూరు నుంచి తమ్ముడి వరసైనవాడు ఫోన్ చేసి, వాళ్ల అత్తకు ఊపిరితిత్తిలో గడ్డ ఉందన్నారని, నాకు అనుభవముంది కాబట్టి ఆసుపత్రికి తోడు రావాలని అడిగాడు. మన వయసుకు ఇలాంటి అనుభవం కూడా ఒక ఉద్యోగమే, జీతం ఉండదు. నాదంతా ఒక్క పెద్దనాయనతో వచ్చింది.

అప్పట్లో గాంధీపురంలో ఒక బట్టల షాపులో చొక్కాలు మడతపెట్టేవాణ్ణి. మావాళ్లలో కోయంబత్తూరులో ఉండేది నేనొక్కణ్ణే గనక, మదురై పక్క నల్లరేగడిలో పత్తి వేసుకునే పెద్దనాయన దగ్గుతూ బస్సు దిగేసరికి సగం డాక్టర్నైపోయాను. డాక్టరమ్మ తమిళంలో చెప్పేది, నేను ఇంటి తెలుగులోకి మార్చేవాణ్ణి. పెద్దనాయనకు తమిళం నాకన్నా బాగా వచ్చు. అయినా మన మాటలో చెప్తే జబ్బు కాస్త మెత్తబడుతుందని పెద్దమ్మ నమ్మకం.

కాన్సరు గడ్డ కుడి ఊపిరితిత్తిలో ఉంది. కోసి తీయాలంటే ఎంతదాకా పాకిందో తెలియాలి. అందుకు నోట్లోంచి గొట్టం దించి, ఊపిరి గొట్టం చుట్టూ ఉండే, చంకల్లో కట్టేలాంటి చిన్న చిన్న బిళ్లల్ని సూదితో పొడిచి చూడాలి. జబ్బున్నచోట వెలిగే స్కానులో కుడివైపు బిళ్ల ట్యూబులైటులా వెలిగింది. ఎడమవైపుది వెలగలేదు గానీ ఉండాల్సినదానికన్నా కాస్త లావుగా ఉంది. డాక్టరమ్మ దాన్నే ముందు పొడుస్తానంది. అందులో జబ్బుంటే అవతలి పక్కకూ పాకినట్టే, ఇక ఆపరేషను లేదు.

పెద్దమ్మకు ఆపరేషనే కావాలి. "వెలగనిదాన్ని కెలకడమెందుకు? కుడిదొక్కటి చాలని చెప్పురా!" అని నా చెయ్యి పట్టుకుంది. చెప్పబోయాను కూడా, చొక్కాలమ్మేవాడు ఎదుటివాళ్ల మాట కాదనడు.

పెద్దనాయన ఆపాడు. "ఏమే, పిండినల్లి పట్టిన చేలో ఏ పక్కనుంచి దిగుతాము? బాగున్న పక్కనుంచి గదా. పట్టిన పక్క ముందు తొక్కితే పంచెకంటుకొని చేనంతా పోతుంది. ఆయమ్మ సూదికీ అంతే. పొడవనీ."

"ఉంటే?"

"ఉంటే ఉందని తెలుస్తుంది. లేదనుకొని కోయించుకొని నేను మంచాన పడితే, పత్తి నువ్వొక్కదానివే ఏరతావా?"

డాక్టరమ్మ అరగంట చెప్పి, నేను పావుగంట చెడగొట్టిన సంగతి ఆయనకు నా సాయం లేకుండానే అర్థమైంది.

కొన్నాళ్లకు ఫలితం వచ్చింది. ఎడమదాంట్లో ఉంది. రోజుకు వందల చొక్కాలు మడతపెట్టినవాణ్ణి, ఆ ఒక్క మాటను మడతపెట్టి అందించడం చేతకాలేదు. పెద్దనాయన "సరి" అన్నాడు. సూదిమందులూ కరెంటు వైద్యమూ ఎన్నాళ్లో అడిగాడు. ఆ తర్వాత రెండు పంటలు ఏరించాడు. మూడోదానికి లేడు.

ఆ చేను ఇప్పుడు ఇళ్ల ప్లాట్లు. పెద్దమ్మ మాత్రం ఇప్పటికీ, ఎడమదాన్ని పొడవకుంటే కోసుండేవాళ్లు కదరా అని అడుగుతుంది. కోసుండేవాళ్లే పెద్దమ్మా, కానీ కోసినా జబ్బు ఆ ఎడమపక్క ఉండనే ఉండేది అని మొదట్లో వాదించేవాణ్ణి. ఇప్పుడు మొదటి సగంతోనే ఆపేసి, ఆమె ఒలిచి పెట్టిన వేరుసెనక్కాయలు తింటూ కూర్చుంటాను.