బొటనవేలి పరీక్ష

ఆ బొటనవేలి మీద నాకింకా కసి తీరలేదు. కడప మోటారు మేస్త్రీ ఏ వస్తువునైనా దాంతోనే నొక్కి చూసేవాడు. మా గుడ్డల అంగట్లో పంచెనూ నొక్కి అనుమానపడితే, గట్టిదని ఒట్టేసి అంటగట్టాను. ఒక్క ఉతుకుకే చిరిగింది. నేను వాపసు తీసుకోలేదు.

నా పెండ్లిచూపులకు వేంపల్లె పోతుంటే దారిలో కారు ఫ్యాను బెల్టు తెగింది. దాన్ని బిగించే చక్రమూ అరిగిపోయింది. కబురంపితే ఆ మేస్త్రీయే వచ్చి చక్రం మార్చాడు.

"బెల్టుకు నీ జరీ కండువా ఈయప్పా. మీ అంగడి గుడ్డ శానా గట్టిదంటివి గదా!"

రాహుకాలం దగ్గరపడుతోందని ఇచ్చాను. పేని, చుట్టి, బొటనవేలితో నొక్కి, తానూ కారెక్కాడు. ఫర్లాంగు పోకముందే కండువా పీలికలైంది.

అప్పుడు సంచిలోంచి కొత్త ఫ్యాను బెల్టు తీశాడు.

"ఇది ముందే ఉండెనా?" అని అరిచాను.

"ఉండె. యేరే అంగట్లో కొన్న్యా. నువ్వూ నొక్కి చూస్కోప్పా."