చుక్కలన్నీ ఆయనే

ఆ ఎనిమిదంతస్తుల ఆఫీసు భవనం నిర్వహణ చూసే ఆయన్ని వెనకాల అందరూ గడియారం అంటారు, ఎదురుపడితే మేనేజర్‌గారూ అంటారు. పొద్దున అందరికంటే ముందు వస్తాడు, మెట్లెక్కుతాడు, దారిలో ఎవరినీ పలకరించడు. ఆయన లెక్కలో లిఫ్టనేది సామాన్ల కోసం పెట్టింది.

ఉన్న రెండు లిఫ్టుల్లో ఒకటి మరమ్మతుకు వచ్చింది. సోమవారం నుంచి మూసెయ్యాలి. డైరెక్టరు పిలిచి మెత్తగానే చెప్పాడు.

"కిందటిసారిలా జనం వీధిదాకా లైను కట్టారంటే మీ పని బయటి కంపెనీకి ఇచ్చేస్తాను. తర్వాత నన్నేమీ అనుకోవద్దు."

అందుకని గడియారం కంప్యూటర్లో భవనమంతా కట్టాడు. తలుపులు, మెట్లు, లిఫ్టు, మనుషులకు బదులు చుక్కలు. ఎప్పుడు రావాలో, ఎటు నడవాలో, ఎంతసేపు ఓపిక పట్టాలో ఒక్కో చుక్కకూ విడిగా నేర్పాడు. ఇక వాటిని వదిలేసి ఏం జరుగుతుందో చూడటమే. ఎన్నిసార్లు నడిపినా ఎక్కడా లైను లేదు. చుక్కలు బుద్ధిగా వచ్చి, చకచకా మెట్లెక్కి, కుర్చీల్లో కూర్చున్నాయి.

ఆదివారం మురిసిపోతూ భార్యకు చూపించాడు. ఆవిడ అదే భవనంలో, ఆరో అంతస్తులో జీతాల విభాగంలో పనిచేస్తుంది.

"వీళ్ళెవరండీ, మీ తమ్ముళ్ళా?"

"మన ఆఫీసువాళ్ళే."

"మన ఆఫీసులో ఒక్కరూ ఆలస్యంగా రారా? ఆగి కబుర్లాడరా? కాఫీ మెషిన్ దగ్గర ఒక్క పురుగూ లేదేం?"

"కాఫీకీ లిఫ్టుకీ ఏంటి సంబంధం?"

"లిఫ్టు పక్కనేగా పెట్టించారు ఆ మెషిన్ని! సర్లెండి, ఇందులో నేనెక్కడ?"

ఆయన ఒక చుక్క మీద వేలు పెట్టాడు. అది అందరికంటే ముందొచ్చి, ఆరంతస్తులూ మెట్ల మీదే ఎక్కింది.

"ఇది నేనా! పెళ్ళయి ఇన్నేళ్ళయింది, నేను రెండో అంతస్తుకైనా నడవడం చూశారా మీరు?"

ఆయన ముఖం చిన్నబోయింది. చుక్కలన్నిటికీ తన అలవాట్లే అంటగట్టాడు మరి. ఆవిణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని దిద్దడం మొదలెట్టాడు. ఈసారి సగం చుక్కలు ఆలస్యంగా బయల్దేరాయి, మిగతావి కాఫీకి మళ్ళి కబుర్లలో పడ్డాయి. ఇంకేముంది, లిఫ్టు ముందు ముద్దకట్టి, గుమ్మం దాటి వీధిలోకి పొర్లాయి.

గడియారానికి చెమటలు పట్టాయి. తెర మీద మెషిన్ని అటూ ఇటూ జరిపి, చివరికి వెనకవైపు మెట్ల మొదట్లో పెట్టాడు. కబుర్లు కూడా దాని వెంటే వెళ్ళాయి. లిఫ్టుదాకా మళ్ళీ ఎవరు నడుస్తారని కింది అంతస్తుల చుక్కలు మెట్లే ఎక్కేశాయి. ఆయన వెంటనే నలుగురికి ఫోన్లు చేసి, ఆఫీసులోని అసలు మెషిన్నీ అక్కడికి మార్పించాడు.

సోమవారం డైరెక్టరు వచ్చి, లిఫ్టు ముందున్న కొద్దిమందిని చూసి, "ఇంతేనా!" అని పైకెళ్ళిపోయాడు. గడియారం సంతోషం పట్టలేకపోయాడు. మెట్ల మొదట్లో నిలబడి, వచ్చినవాళ్ళనల్లా ఆపి అడుగుతున్నాడు.

"ఎలా ఉంది? ఇబ్బందేం లేదుగా?"

వెనక నుంచి భార్య గొంతు వినిపించింది.

"ఏవండీ, ఇక్కడో చుక్క కదలట్లేదు. జనం ఆగిపోయారు, కాస్త జరగమనండి."

గడియారం గోడకు అతుక్కుని దారిచ్చాడు. జనం నవ్వుతూ మెట్లెక్కారు. ఆవిడ మాత్రం కప్పు పట్టుకుని తాపీగా లిఫ్టు వైపు నడిచింది.