నోట్లో గుండుసూదులు

పని చేసేటప్పుడు ఆ దర్జీ గుండుసూదులు పెదవుల మధ్య పెట్టుకుంటుంది. ఒక్కొక్కటే తీసి బట్టకు గుచ్చుతుంది. అప్పుడు ఎవరేం అడిగినా సరే అనడానికి "ఊఁ". కాదనడానికి కనుబొమలు లేస్తాయి. అంతే.

ప్యాంటు పొడవు తగ్గించుకోవడానికి వచ్చిన ఒకడు ఆ ముఖాన్ని ఫోన్‌లో వీడియో పట్టాడు. వెనక నవ్వుల చప్పుడు కలిపి, మూతిముడుపు ఆంటీ అని పేరు పెట్టి నెట్‌లో వదిలాడు. వారం తిరిగేసరికి ఆమె ముఖం అత్తల జోకుల్లో, పరీక్ష తప్పినవాళ్ల జోకుల్లో తిరుగుతోంది.

కూతురు కాలేజీకి వెళ్లడం మానేసింది.

"నోట్లో పెట్టుకోకమ్మా. సూదుల దిండు ఉందిగా."

"దిండు ఎక్కడుందో వెతుక్కోవాలి. నోరు ఎప్పుడూ నా దగ్గరే ఉంటుంది."

వీడియో తీసేయిస్తాం, లింకు నొక్కి మీకొచ్చే ఓటీపీ చెప్పండి అని ఎవరో మెసేజ్ పంపారు. కూతురి వేలు లింకు మీదికి వెళ్లింది. తల్లి ఫోన్ లాక్కుంది.

"ఎవరే వీళ్లు?"

"తెలీదు."

"తెలీనివాడొకడు మొహం పట్టుకుపోయాడు. ఇంకో తెలీనివాడికి తాళాలు కూడా ఇద్దామా?"

మెసేజ్ వచ్చిన నంబరును బ్లాక్ చేశారు.

కొన్నాళ్లకు వీడియో తీసినవాడే మరో ప్యాంటు పట్టుకుని వచ్చాడు. ఆమెకేమీ తెలియదనుకున్నాడు. అతను ప్యాంటు తొడుక్కుని పీట ఎక్కాడు. ఆమె కింద కూర్చుని రెండు అంచులూ మడిచి, చుట్టూ సూదులు గుచ్చింది. మిగిలినవి నోట్లోంచి తీసి అరచేతిలో పెట్టుకుంది.

"ఆ వీడియో తీసెయ్యి బాబూ."

"సరదాకి పెట్టా ఆంటీ. మీకెంత పేరొచ్చిందో తెలుసా?"

"నాకు పేరు ముందే ఉంది. నువ్వెప్పుడైనా అడిగావా?"

"నేను తీసేసినా లాభం లేదు. అందరి దగ్గరా ఉంది."

"అందరి సంగతి అందరితో తేల్చుకుంటా. నీది నువ్వు తీసెయ్యి."

అతను దిగబోయాడు. చీలమండ దగ్గర చురుక్కుమంది.

"కదలకు. గుచ్చుకుంటాయి," అంది ఆమె మెల్లగా.

పీట మీదే నిలబడి ఫోన్ తీశాడు. కూతురు వచ్చి తెర చూసింది.

"పోయిందమ్మా."

ఆమె ప్యాంటు పూర్తిచేసి ఇచ్చింది. కుట్టులో వంక లేదు.

ఆ వీడియో పెట్టిన మిగతా పేజీల మీద కూతురు ఒక్కొక్కటిగా ఫిర్యాదు పెట్టింది. కొన్ని పోయాయి. కొన్ని ఇంకా ఉన్నాయి. తను మాత్రం మళ్లీ కాలేజీకి వెళ్తోంది.

నిన్న ఒకామె జాకెట్టు కుట్టడానికి ఇవ్వాలని వచ్చింది. వెంట వచ్చిన చెల్లెలు నవ్వు ఆపుకుంటూ, వీడియో తీయడానికి ఫోన్ పైకెత్తింది. దర్జీ ముఖం తిప్పుకోలేదు. నోటి నిండా సూదులతో సూటిగా చూసింది. కనుబొమలు లేచాయి.

ఫోన్ సంచిలోకి వెళ్లిపోయింది.