ఇంటూ పెట్టిన బూట్లు

నేను మంచివాణ్ణని ఎవరైనా చెబితే నమ్మకండి. ఒక జత బూట్లను పాలిథిన్ కవర్లో పెట్టి, మేకుకు తగిలించి, ఏడు నెలల పాటు పొద్దున లేస్తూనే వాటి ముఖం చూసినవాణ్ణి నేను. ప్రార్థన చేసుకోనిదే కాఫీ గొంతు దిగని ఇంట్లో పుట్టాను. అయినా ఆ ఏడు నెలలూ నాకు ముందు బూట్లు, తర్వాతే ప్రార్థన. మరిచిపోతానేమోనని భయం. కోపం చల్లారిపోతే నా బతుకులో ఇంకేం మిగలదనిపించేది.

బేతంచెర్లలో బండల పాలిష్ ఫ్యాక్టరీ నడిపే ఒకాయనకు ఫుట్‌బాల్ పిచ్చి ఉండేది. ఫ్యాక్టరీ పేరు మీద జట్టు పెట్టి, లీగ్‌లో ఆడించి, మాకు నెలజీతాలు ఇచ్చేవాడు. పొద్దున ఆట, ఎండెక్కాక బండల పని. నేను పన్నెండేళ్లు ఆ జట్టులో ఎడమ బ్యాక్ ఆడాను. నన్ను దాటి పోయినవాళ్లు లేరని చెప్పను గానీ, పోయినవాడు మళ్లీ నా పక్క నుంచి రావడానికి ఆలోచించేవాడు.

పనిలో మొదటి రెండేళ్లు నాది నీళ్ల పైపు. గని నుంచి లారీ రాగానే బండల మీది మట్టీ, దుమ్మూ, గనివాళ్లు సుద్దతో గీసిన పిచ్చి గీతలూ అన్నీ కడిగేయాలి. వాళ్ల గుర్తులు వాళ్లవి, ఫ్యాక్టరీ గేటు దాటాక మా గుర్తే గుర్తు. తర్వాత నన్ను బండలు ఏరే పనికి మార్చారు. ఇనుప కడ్డీతో బండ మీద కొట్టి చెవి పెట్టాలి. ఖంగుమంటే మంచిది. డొక్కు శబ్దం వస్తే లోపల ఎక్కడో పగులుంది. దాని మీద సుద్దముక్కతో ఇంటూ పెడితే చాలు, కూలీలు దాన్ని తీసుకుపోయి తుక్కులో వేస్తారు. ఎందుకు, ఏమిటి అని అడిగేవాడుండడు.

జట్టు మేనేజరు మాత్రం ఫ్యాక్టరీ మనిషి కాదు, గని మనిషి. ముప్పై ఏళ్లు గనిలో మేస్త్రీగా చేసి, కాలు విరిగాక జట్టు బాధ్యత తీసుకున్నాడు. అందరం ఆయన్ని మేస్త్రీ అనే పిలిచేవాళ్లం. నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉండేవాడు. మంచైనా చెడైనా మాటతో చెప్పడం ఆయన జాతకంలో లేదు. ప్రతి సీజన్ ముందూ పాతవాళ్లలో కొందరిని తీసేస్తారు కదా, ఆ సంగతి కూడా ఎవరికీ నోటితో చెప్పేవాడు కాదు. గ్రౌండ్ పక్క రేకుల షెడ్డులో మా బూట్లు వరసగా ఒక చెక్క అర మీద ఉండేవి. తీసేసినవాళ్ల బూట్లు ఒక గోనెసంచిలోకి పోయేవి. పొద్దున వచ్చి అర మీద తన బూట్లు లేవని చూసుకున్నవాడు, సంచిలో నుంచి తీసుకుని ఇంటికి పోవాలి. అంతే. పదేళ్లు ఆడినవాణ్ణీ అలాగే పంపారు, రెండేళ్లు ఆడినవాణ్ణీ అలాగే.

ఆ ఏడు హైదరాబాద్ నుంచి కొత్త కోచ్ వచ్చాడు. నాకంటే చిన్నవాడు. ముప్పై దాటినవాళ్లు ఒక్కరికి మించి వద్దన్నాడు. ముప్పై దాటినవాళ్లం ఇద్దరమే మిగిలాం. నేనొకణ్ణి, గోలీ అని మేం పిలిచే మా గోల్‌కీపర్ ఒకడు. గోలీ కర్నూలు పాతబస్తీ మనిషి, నాకంటే రెండేళ్లు పెద్ద. నేను భాయ్ అనేవాణ్ణి. పన్నెండేళ్లు నా వెనక ఆయన, ఆయన ముందు నేను. రంజాన్‌కు వాళ్లింట్లో నేను తినేవాణ్ణి, క్రిస్మస్‌కు మా ఇంట్లో ఆయన తినేవాడు.

భాయ్ గురించి నాకొక్కడికే తెలిసిన సంగతి ఒకటుంది. అంతకుముందు ఏడాది పడ్డప్పుడు ఆయన కుడి భుజం జారింది. మళ్లీ కూర్చుంది గానీ ఆ చెయ్యి చెవి కంటే పైకి లేవదు. ఎవరికీ తెలియకుండా షెడ్డు వెనక నేనే నూనె రాసి మర్దన చేసేవాణ్ణి. నా పక్క నుంచి ఆయన కుడివైపుకు ఎత్తుగా బంతి వచ్చే దారిని నేనే అడ్డంగా నిలబడి మూసేవాణ్ణి. కొత్త కోచ్ నన్ను పక్కకు పిలిచి, గోలీ ఎట్లా ఉన్నాడని అడిగాడు.

"గట్టిగుండాడు సార్. ఇంగా ఐదేండ్లు ఆడతాడు" అన్నాను.

ఆ ఒక్క అబద్ధంతో నా మెడ మీదికి నేనే కత్తి తెచ్చుకున్నానని నాకు తెలుసు. తెలిసే చెప్పాను. నాకు ముప్పై నాలుగు. ఇంకొక్క సీజన్ ఆడి, నా అంతట నేను బూట్లు విప్పి, అందరూ చూస్తుండగా గ్రౌండ్ దాటాలని ఒకటే ఆశ. సంచిలో నుంచి బూట్లు ఏరుకుని పోకూడదు. నాకు కావలసిందల్లా ఆ మర్యాద ఒక్కటే.

బూట్లు తీసే రోజు పొద్దున అందరికంటే ముందే షెడ్డుకు పోయాను. గోనెసంచి ఇంకా మడతపెట్టి మూల ఉంది. అన్ని జతలూ అర మీదే ఉన్నాయి. భాయ్ బూట్ల మీద ఏమీ లేదు. కుర్రాళ్ల బూట్ల మీదా ఏమీ లేదు. నా నల్ల బూట్ల మీద, రెండు ముక్కుల మీదా, తెల్ల సుద్దతో ఒక్కొక్క ఇంటూ.

ఒళ్లు భగ్గుమంది. పదేళ్లుగా పగిలిన బండల మీద నేను పెట్టిన గుర్తు అది. నా చేతి గుర్తుతోనే నన్ను తుక్కులో వేశారు. సంచిలో వేసే వరకు ఆగడానికి కూడా మనసు రాలేదు. బూట్లు చంకలో పెట్టుకుని బయటికి వచ్చాను. గేటు దగ్గర మేస్త్రీ టీ తాగుతూ కూర్చుని ఉన్నాడు.

"యాడికప్పా పోతాండావు?" అన్నాడు.

"కడపకు" అన్నాను.

కడప జట్టువాళ్లు నన్ను రమ్మని కబురు చేసిన సంగతి ఆయనకూ తెలుసు. గ్లాసు కింద పెట్టి నన్ను కాసేపు చూశాడు. "అట్లనా" అన్నాడు. గ్లాసు మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. చూశావా, ముసలోడికి సిగ్గు కూడా లేదు అనుకుంటూ వచ్చేశాను.

ఇంట్లో మా ఆవిడ ఒకటే మాట పట్టుకుంది. "ఆయప్పను అడిగినావా?"

"అడిగేదేముండాది? సుద్దతో రాసి సూపించినాడు కదా."

"ఒక మాట అడిగితే నీ సొమ్మేం పోతాది?"

"నువ్వు సర్దు. ఇల్లు ఖాళీ చేస్తాండాం."

కడపలో అద్దెకు దిగిన గదిలో మొదట కొట్టింది మేకు. సుద్ద చెరగకుండా బూట్లను కవర్లో చుట్టి దానికి తగిలించాను. మేస్త్రీ వారంలో మూడుసార్లు ఫోన్ చేశాడు. ఓదార్చడానికేమో, పుండు మీద కారం చల్లి పక్కనే కూర్చుని విసురుతాడేమో అని ఎత్తలేదు. తర్వాత ఆ నంబరే రాకుండా చేశాను. భాయ్ కూడా చేశాడు. నా స్థానం తను దక్కించుకుని పలకరింపులు కూడానా అనుకుని ఆయన నంబరూ ఆపేశాను. పాస్టరు గారు క్షమాపణ గురించి చెప్పిన ఆదివారం నేను చెప్పుల వైపు చూస్తూ కూర్చున్నాను. క్షమించమని ఎవరూ నన్ను అడగలేదు కదా, నేనెవరిని క్షమించాలి?

ఆ సీజనంతా కసితో ఆడాను. కడపవాళ్లు ముచ్చటపడ్డారు. ఈ వయసులో అంత పరుగు ఎక్కడిదప్పా అన్నారు. కడుపు మండుతుంటే కాళ్లు వాటంతటవే పరిగెడతాయి.

చివరి మ్యాచ్ బేతంచెర్లలో, మా పాత గ్రౌండ్ మీదే పడింది. అప్పటికి మా పాత జట్టు అడుగున ఉంది. ఎడమ బ్యాక్ సరైనవాడు దొరకలేదని నేను పేపర్లో చదివి నవ్వుకున్నాను. ఓడితే లీగ్ నుంచి కిందికి పోతారు. కిందికి పోతే జట్టునే ఎత్తేస్తానని యజమాని అందరి ముందూ చెప్పాడట. ఆ మాట విన్న రోజు నేను రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

మ్యాచ్‌కు ముందు మా కడప ఫార్వర్డ్‌ను పక్కకు పిలిచాను.

"గోలీకి కుడిపక్క కొట్టు. సెవి కంటే ఎత్తున. ఆ చెయ్యి లేవదు."

"నీకెట్ల తెలుసన్నా?"

"నూనె రాసింది నేనే."

చెప్పేటప్పుడు నా గొంతు వణకలేదు. అది కూడా రాసిపెట్టాలి, లేకపోతే ఈ కథంతా అబద్ధం.

మొదటి గోల్ అరగంటకు పడింది. కుడివైపు, ఎత్తున. భాయ్ ఎగిరాడు గానీ చెయ్యి సగంలోనే ఆగింది. చూసేవాళ్లకు అదృష్టం అనిపించి ఉంటుంది. సగం ఆటయ్యాక వాళ్లొకటి కొట్టి సమం చేశారు. ఆట అయిపోవడానికి కొద్దిసేపు ఉందనగా మళ్లీ మావాడే, మళ్లీ అదే చోట. ఈసారి భాయ్ ఎగరలేదు. బంతి వంక కూడా చూడలేదు. గ్రౌండ్ ఇవతల ఉన్న నన్ను చూశాడు.

విజిల్ పడింది. మావాళ్లు నన్ను ఎత్తుకున్నారు. దించమని చెప్పి, కడప నుంచి వెంట తెచ్చిన నా సంచిలో నుంచి ఆ బూట్ల కవరు తీసుకుని షెడ్డు వైపు నడిచాను. దారిలో గోల్ పక్కనే భాయ్ గ్లౌజులు విప్పుతూ కూర్చుని ఉన్నాడు.

"దాన్ని నువ్వు ఎవురికీ సెప్పవనుకొంటిని" అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నాకు బదులుండేది.

ఆగలేదు. మేస్త్రీ షెడ్డు ముందర స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఏడు నెలలు నేను మనసులో చెప్పుకుంటూ వచ్చిన మాటలు చాలా ఉన్నాయి గానీ, తీరా అన్నది రెండు ముక్కలే. కవరు విప్పి బూట్లు ఆయన కాళ్ల దగ్గర పడేశాను.

"నువ్వు పెట్టిన ఇంటూలు మేస్త్రీ. సెరగకుండా దాసినా. తీసుకో."

ఆయన వంగి ఒక బూటు చేతిలోకి తీసుకున్నాడు. సుద్ద అలాగే ఉంది. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, తల ఎత్తాడు.

"దీన్ని సూసి పోయినావా నువ్వు?"

"సూసే పోయినా. తుక్కులో ఏసినంక ఇంగా ఉండాల్నా?"

"తుక్కేందప్పా?" అన్నాడు. నిజంగానే అర్థం కాలేదు ఆయనకు. "గనిలో ఇంటూ పెడితే ఆ బండ ఒకరికని పట్టి పెట్టినట్టు. ఇంగెవురూ దాన్ని ముట్టగూడదు. కోచ్ సంచి తీసుకోని వస్తాడు, నీ జతను ముట్టద్దని పెట్టినా. నిన్ను పెట్టుకొని గోలీని పంపుదామని ముందురోజే ఓనర్ కాడ మాట తీసుకోనుంటి. నువ్వేమో కడపకంటివి. దుడ్లు ఎక్కువిస్తాండారేమో, పోనీలే అనుకొంటి. ఒకడు పోయినాడు కదాని గోలీని ఉంచుకొంటిమి."

నా చెవుల్లో ఏదో డొక్కుగా మోగింది. ఉన్న కోపాన్నే మళ్లీ తీశాను.

"నోరు తెరిసి ఒక మాట సెప్పుంటే ఏమయ్యేది?"

"మూడుసార్లు ఫోన్ జేస్తి."

రెండేళ్లు నా పని గనివాళ్ల గుర్తులు కడగడమే. లారీలకు లారీలు కడిగాను. ఎన్ని ఇంటూలు నా పైపు కింద కరిగి కాలవలో కలిశాయో. అవి ఏమిటని ఒక్కరోజైనా ఎవరినీ అడగలేదు. నా గుర్తే గుర్తనుకున్నాను.

గోల్ దగ్గర భాయ్ చుట్టూ జనం చేరారు. కొత్త కోచ్ ఆయన కుడి చెయ్యి పట్టుకుని పైకి లేపి చూస్తున్నాడు. చెవి దాకా వచ్చి ఆగింది.

మేస్త్రీ అటు చూశాడు, నన్ను చూశాడు. స్టూలు కింద ఉన్న నీళ్ల బాటిల్ తీసి, మూత తిప్పి, ఒక్కొక్క బూటు ముక్కు మీదా కొంచెం కొంచెం పోశాడు. బొటనవేలితో రుద్దాడు. తెల్లనీళ్లు ఆయన ముంజేతి మీదుగా కారాయి. సుద్ద ఏమీ మిగలకుండా కడిగి, భుజం మీది టవల్‌తో తుడిచి, రెండు బూట్లూ నా చేతిలో పెట్టాడు.

"పోప్పా," అన్నాడు. "ఇంగ ఎవురైనా ముట్టొచ్చు."