నీళ్లతో మార్కు వరకు

నేను రిటైర్ కావడానికి రెండేళ్ల ముందు, ఒక జూలై నెలలో, వరంగల్‌లోని మా కాలేజీ కెమిస్ట్రీ విభాగం వాళ్లు పరికరాల గదిని నాకు అప్పగించారు. హోదా సీనియర్ టెక్నికల్ అసిస్టెంట్. నేను బడికి వెళ్లి చదివినదాన్ని కాను. ఇంట్లో నాన్న దగ్గర నేర్చుకుని, పరీక్షలన్నీ ప్రైవేటుగా కట్టి పాసయ్యాను. అటువంటి నా చేతికి ఆ గది తాళాలు రావడం దైవకృప అనే ఇప్పటికీ అనుకుంటాను.

ఆ గదిలో ముఖ్యమైనది యూవీ స్పెక్ట్రోఫోటోమీటర్. కంటికి కనబడని అతినీలలోహిత కాంతిని ద్రావణం గుండా పంపి, ఏ తరంగదైర్ఘ్యం దగ్గర ఆ ద్రావణం ఎంత కాంతిని మింగిందో గీతగా గీసి చూపిస్తుంది. మామూలు గాజు ఆ కాంతిని ఆపేస్తుంది కనుక ద్రావణాన్ని స్ఫటికంతో చేసిన చిన్న డబ్బీ లాంటి క్వార్ట్జ్ సెల్‌లోనే పోయాలి.

మౌనిక అనే రీసెర్చ్ స్కాలర్ ఆ పరికరం మీద మాలిబ్డినం అనే లోహంతో పని చేసేది. నర్సంపేట దగ్గర పత్తి పండించే ఇంటి పిల్ల. మాలిబ్డినం ఆమ్లం కలిసిన నీటిలో ఒకే రూపంలో ఉండదు. ఆమ్లం పెరిగేకొద్దీ విడివిడి అయాన్లు గుంపులు కడతాయి. ఇంకా పెరిగితే ఆ గుంపులు విడిపోయి మరో రూపం తీసుకుంటాయి. ఒక్కో రూపానికి ఒక్కో తీరు గీత. ఎంత ఆమ్లంలో ఏ రూపం ఉందో ఆ గీతలను బట్టి చెప్పడమే ఆమె థీసిస్.

థీసిస్ ఇవ్వబోయే ముందు ఆమె గైడ్ సారు నన్ను పిలిచి, మూడో అధ్యాయంలోని ఒక కొలతను విడిగా చేసి చూడమన్నారు. మా దగ్గర అది మామూలు పద్ధతే. స్కాలర్ పక్కన లేకుండా, స్కాలర్ నోటుపుస్తకంలో రాసినట్టే చేయాలి. ఆసిడ్ కలిపి ఆమె ఉంచిన మాలిబ్డినం స్టాక్ ద్రావణం నుంచి పిపెట్‌తో పది మిల్లీలీటర్లు తీసి, వంద మిల్లీలీటర్ల స్టాండర్డ్ ఫ్లాస్కులో వదిలాను. పుస్తకంలో ‘నీళ్లతో మార్కు వరకు’ అని ఉంది. డిస్టిల్డ్ వాటర్ పోసి ఫ్లాస్కు మెడ మీది మార్కు దాకా తెచ్చాను.

వచ్చిన గీత ఆమె గీత కాదు. ఎత్తులో తేడా అయితే ద్రావణం ఎక్కువతక్కువ తీసిందేమోనని పిపెట్‌ను అనుమానించేదాన్ని, ఇక్కడ ఆకారమే వేరు. సెల్ కడిగాను. పరికరంలోని దీపాన్ని గంటసేపు వేడెక్కనిచ్చాను. అప్పుడే డిస్టిల్ చేసిన నీళ్లు తెచ్చి మళ్లీ చేశాను. నా గీతలు రెండూ ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. ఆమె గీత మాత్రం కలవలేదు. నా గీతల కాగితం మీద సంతకం పెట్టి సారుకు ఇచ్చానే గాని, నాకేమీ పాలుపోలేదు.

సారు మౌనికను పిలిచి, ఆ రీడింగులు పరికరం ఇచ్చినవా, పుస్తకంలో పుట్టినవా అని అడిగారు. సోమవారంలోగా సరైన జవాబు రాకపోతే థీసిస్ ఆపి కమిటీకి రాస్తానన్నారు. ఆ రోజు శుక్రవారం.

ఆమె నా గదికి వచ్చి తలుపు దగ్గరే నిలబడింది. “మా బాపు మీద ఒట్టు మేడం. మిషన్ ఏం జూపిచ్చిందో గదే రాసిన,” అంది. నేను ఆమెను నమ్మాను. కాని నా గీతలనూ నమ్మాను. రెండూ ఎలా నిజమవుతాయో తెలియక ఆదివారం పూజలో కూర్చున్నా నామం మీద మనసు నిలవలేదు. ఏదో ఒక దారి చూపమని మాత్రం అడిగాను.

సోమవారం పొద్దున్నే ఆమెను పిలిచి, “నువ్వే జెయ్యి బిడ్డా. నేను జూస్త, నడుమ మాట్లాడ,” అన్నాను.

ఆమె స్టాక్ ద్రావణం పది మిల్లీలీటర్లు ఫ్లాస్కులో వదిలింది. మార్కు దాకా నింపడానికి చేయి చాపి, తన బెంచి మీది తెల్ల సీసా అందుకుంది. దాని మీద పెన్నుతో ‘పు.నీ.’ అని రాసి ఉంది. మాట్లాడనన్న మాట మరచిపోయాను.

“గదేంది?”

“పుల్లనీళ్లు మేడం. పర్‌క్లోరిక్ ఏసి పెట్టుకున్న.”

“పుస్తకంల నీళ్లని రాసినవ్ గదనే!”

“నీళ్లే గద మేడం, జర ఆసిడ్ ఉన్న నీళ్లు. ఈ బెంచి మీద ఉత్త నీళ్లెక్కడియి? తాగే బాటిల్ సుత బయటనే పెడ్త.”

నవ్వాలో కోప్పడాలో తెలియలేదు. రెండేళ్లుగా ఆ బెంచి మీద పలచన చేయడానికి ఆమె వాడింది ఆ సీసానే. ఆమె నోట నీళ్లంటే అవే. స్టాక్‌లో ఉన్నంత ఆసిడ్ వాటిలోనూ ఉంటుంది కనుక ఆమె పలచన చేసినా ఆమ్లం తగ్గేది కాదు. నేను ఉత్త నీళ్లు పోసినప్పుడు మాలిబ్డినంతో పాటు ఆమ్లం కూడా పదో వంతుకు పడిపోయింది. ఆమ్లం పడితే రూపం మారింది, రూపం మారితే గీత మారింది. పర్‌క్లోరిక్ ఆసిడ్ ఆ కాంతిని దాదాపు మింగదు కాబట్టి ఆసిడ్ ఎంత ఉందో పరికరం నాకు చెప్పలేదు. పులుసులో నీళ్లు పోస్తే పులుపు తగ్గుతుందని రోజూ చూసే నాకు మూడు రోజుల దాకా అది తట్టలేదు.

ఆ పూట ఆమె చేతిలో ఆమె గీతే వచ్చింది. అదే సీసాతో నేను చేసినా అదే వచ్చింది. రెండు రకాల ద్రావణాలకూ పీహెచ్ చూసి, కాగితాలు పట్టుకుని సారు దగ్గరికి వెళ్లాం. ఏ నీళ్లో రాయనందుకు మౌనికను ఆయన గట్టిగానే మందలించారు. నేను నా పాత కాగితాన్ని చింపేయబోతే వద్దన్నారు. అది తప్పు కొలత కాదని, వేరే ద్రావణానికి సరైన కొలతేనని చెప్పి, దాని కింద పీహెచ్ రాయించి, ఆ గీతనూ మూడో అధ్యాయంలోనే చేర్చమన్నారు. ఆ వారమే థీసిస్ వెళ్లింది.

ఏ గుంపులో ఎన్ని మాలిబ్డినం పరమాణువులు ఉంటాయో సారు బోర్డు మీద రెండుసార్లు వేసి చూపించినా నాకు సగమే ఎక్కింది. మిగతా సగం ఇప్పటికీ అయోమయమే. ఎక్కింది ఒకటి ఉంది. ఇంకొకరి కొలతను సరిచూడాలంటే పుస్తకం చదివితే సరిపోదు, ఆ మనిషి ఏ సీసా అందుకుంటుందో ఒకసారి పక్కన నిలబడి చూడాలి. రిటైరయ్యే దాకా సరిచూసే ప్రతి పనిలో నేను అదే చేశాను. సంతకం ఆ తర్వాతే పెట్టాను.