కొండ చేతివాటం

నేల పరిచే పనిలో ఆమెకు మించిన మనిషి ఆ చుట్టుపక్కల లేదు. బండ వేసి, ఒక కన్ను మూసి, వంగి చూసిందంటే ఇక దానికి తిరుగులేదు. మిగతా మేస్త్రీలు అడుగడుక్కీ రసమట్టం పెట్టి, గాజుగొట్టంలో బుడగ మధ్యకొచ్చిందా లేదా అని తంటాలు పడుతుంటే, ఈమె తన రసమట్టాన్ని సంచిలోంచి తీసేదే కాదు. స్నానాలగదిలో నీళ్లు తూము వైపు పారేందుకు నేలకిచ్చే ఆ కాస్త వాటం కూడా కంటితోనే ఇచ్చేది. అందుకే పనివాళ్లు ఆమెకు కన్నక్క అని పేరు పెట్టారు. పైకి విసుక్కునేది గానీ లోపల ఆ పేరంటే మహా మురిపెం.

కొండ మీద కొత్తగా కట్టిన బడిలో పెద్ద హాలు పని ఆమెకే వచ్చింది. అంత నేల ఆమె చేతి కింద ఎన్నడూ పడలేదు. రోజూ సైకిల్ మీదే పైకి వెళ్లేది. దారి మొదట్లో నిట్టనిలువు ఎక్కుడు ఒకటుంది, దాన్ని అందరూ 'గోడ' అంటారు. గోడ ఎక్కి నీళ్లట్యాంకు దాటితే అక్కణ్నించి బడి దాకా 'దిగుడు'. పేరు ఎవరు పెట్టారో తెలియదు. చూసినవాళ్లెవరూ కాదనలేదు, ఎందుకంటే చూడటానికి అది అచ్చంగా దిగుడే.

గోడ దగ్గర ఆయాసపడితే ఆమె లెక్కచేసేది కాదు. అక్కడ ఎవరైనా ఆయాసపడతారు. చిక్కంతా దిగుడులో వచ్చింది. కళ్ల ముందు రోడ్డు కిందికి వాలుతూ కనిపిస్తుంటే, కాళ్లు మాత్రం పెడళ్ల మీద మొరాయించేవి. తొక్కడం ఆపితే సైకిల్ ఆగిపోయేది. దిగుడులో సైకిల్ దొర్లని మనిషికి ఒంట్లో ఏదో పెద్దదే పట్టుకుందని ఆమెకు ఖాయమైపోయింది. ఆ భయం ఊరికే రాలేదు. వాళ్లమ్మ ఒకప్పుడు ఉతికిన దుప్పట్లు మూటకట్టి ఇదే సైకిల్ మీద, ఇదే దారిన, కొండ మీది ఆసుపత్రికి చేరవేసేది. ఒకరోజు ఇంటికొచ్చి, "దిగుడులో కూడా రొప్పొస్తోందంటే ఇక నా పని అయిపోయినట్టే" అని సైకిల్‌ని పెరటి గోడకు ఆనించింది. మళ్లీ కొండెక్కలేదు. అప్పటికి అమ్మకు ఇప్పటి కన్నక్క వయసే.

కన్నక్క మొగుడిది సైకిల్ రిపేరు కొట్టు. ఏదో లోపముందని చెప్పి రెండుసార్లు అతనితో సైకిల్ విప్పించింది. అతను చక్రాన్ని గిర్రున తిప్పి, "ఇది నాకంటే ఆరోగ్యంగా ఉంది. దీనికే రోగమూ లేదు" అన్నాడు. అయితే రోగం నాదేనన్నమాట అనుకుని ఆమె నోరు కుట్టేసుకుంది.

హాలు ఇంకెవరికైనా అప్పగించమని కాంట్రాక్టరుతో చెప్పేద్దామని గుండె రాయి చేసుకుని బయల్దేరిన రోజున, దిగుడు మధ్యలో ఊపిరాడక దిగిపోయింది. సైకిల్‌కి స్టాండు వేస్తుంటే సంచిలోంచి స్టీలు నీళ్లసీసా జారి రోడ్డు మీద పడింది. పడి, బడి వైపు దొర్లలేదు. వచ్చిన దారినే, ట్యాంకు వైపు, ఎగువకు దొర్లుకుంటూ పోయింది. ఆమె పరుగెత్తి పట్టుకుని మళ్లీ తెచ్చి పెట్టింది. సీసా మళ్లీ ఎగువకే పోయింది.

అప్పుడు తీసింది రసమట్టం. మీటరు పొడవు బద్ద. రోడ్డు మీద పెట్టగానే బుడగ బడి వైపు పరుగెత్తింది. బుడగ ఎప్పుడూ ఎత్తువైపే పోతుందని కన్నక్కకు ఒకరు చెప్పాలా? ట్యాంకు వైపు కొసను మెల్లగా లేపుతూ పోతే బుడగ మధ్యకు వచ్చేసరికి కింద నాలుగు సెంటీమీటర్ల సందు తేలింది. నూటికి నాలుగు. స్నానాలగదికి తాను ఇచ్చేది నూటికి ఒకటే.

ఆమె తలెత్తి చూసింది. రోడ్డు ఇంకా కిందికే వాలుతున్నట్టుంది. మళ్లీ బుడగను చూసింది. అది బడి ఎత్తున ఉందంటుంది, కన్ను పల్లంలో ఉందంటుంది. గదిలో కంటికి నాలుగు గోడలు సాక్ష్యముంటాయి. ఇక్కడ గట్లూ కంచెలూ అన్నీ కొండతోపాటే ఒరిగి ఉన్నాయి, పైగా గోడంత ఎక్కుడు ఎక్కొచ్చిన కంటికి ఈ చిన్న ఎక్కుడు పల్లంలా తోచింది. ఇన్నేళ్లు నమ్ముకున్న కన్ను తప్పు చెప్పిందని ఆమెకు సిగ్గేయలేదు. ఇంత పెద్ద కొండ ఇంత నిశ్శబ్దంగా ఇందరిని ఏమార్చిందని నోరు తెరుచుకుని అక్కడే కూర్చుంది. ఆ రోజు కాంట్రాక్టరుకు ఆమె చెప్పిందల్లా ఇసుక తక్కువైందని.

ఇంటికెళ్తూ గోడ మలుపునూ కొలిచింది. సాయంత్రం కొట్లో మొగుడికి దిగుడు సంగతి చెప్పి, గోడ సంగతి ఎత్తుకుంది. "ఒకే మలుపండీ. లోపలి అంచున నూటికి పంతొమ్మిది, బయటి అంచున తొమ్మిదే."

"మలుపులో బయటి నుంచి తొక్కమని నేను మొత్తుకునేది అందుకేగా. చూశావా, కొండకీ చేతివాటం ఉంది. దిగుడని చెప్పి ఊపిరి కాజేసింది."

"నూటికి నూరైతే నిలువు గోడేనా?"

అతను సుద్దముక్కతో నేల మీద గీశాడు. "నూరు ముందుకి, నూరు పైకి. ఇదిగో, అడ్డానికీ నిలువుకీ సరిగ్గా మధ్యన."

"మరి నిలువు గోడకెంత?"

"దాని మీద ముందుకెళ్లేది ఏముంది? దానికి లెక్కే లేదు."

లెక్కకు అందనిది రోజూ చేత్తో తడిమే గోడేనా అని ఆమె ఆ గీతలకేసి చూస్తూ ఉండిపోయింది.

పక్కన బల్ల మీద కూర్చుని బట్టలు మడతపెడుతూ సగం సగం వింటున్న అమ్మ అడిగింది. "ఏ దిగుడే?"

"నీ దిగుడేనమ్మా. అది దిగుడు కాదు. ఎక్కుడు."

అమ్మ చెయ్యి ఆగింది. "ఎవరన్నారు?"

"రసమట్టం. నీళ్లసీసా వదిలితే అదీ ట్యాంకు వైపే దొర్లింది. నూటికి నాలుగు. దుప్పట్ల మూటతో నువ్వు రోజూ ఎక్కావు."

అమ్మ చేతిలోని చొక్కాను మడిచి, విప్పి, మళ్లీ మడిచింది.

"అయితే అప్పుడు నాకేమీ కాలేదన్నమాట" అంది.

కన్నక్కకు ఏడుపొచ్చింది. అమ్మే లేచి వెళ్లి సైకిల్ సీటు మీద చెయ్యి వేసింది.

"రేపు నీ వెనకాలే మెల్లగా నడిచొస్తా. ఆ నీళ్లసీసా నాకూ ఓసారి వదిలి చూపించు."