నీళ్ళు పడని బోర్ల వరుసలు

పక్క స్థలంలో రెండు రోజులుగా బోరు బండి మోగుతోంది. హిందూపురంలోని మా ఇంటి కిటికీలన్నీ మూసినా రాతిపొడి వాసన గొంతులోకి దిగుతూనే ఉంది. నీరు తగిలితే ఆ పొడి బురదగా మారాలి. ఇంకా తెల్లగా, పిండిలాగే లేస్తోంది. ఆ తెలుపు చూసినప్పుడల్లా నాకు ఓబులేసు గారు గుర్తుకు వస్తారు; వెంటనే కోపం వస్తుంది, ఆయన మీద కాదు.

ఆయన పెనుకొండలో నేను పనిచేసిన స్వచ్ఛంద సంస్థలో సర్వేయరు. తొంభైలలో, నేనింకా బడిలో ఉన్న కాలంలోనే, హిందూపురం నుండి ధర్మవరం దాకా ఊరూరూ తిరిగి ప్రతి బోరునూ నోటు పుస్తకాలలో రాశారు: ఏ చేను, గట్టు నుండి ఎన్ని గజాలు, ఎంత లోతు, నీళ్ళు పడ్డాయా లేదా. రెండువేల సంవత్సరం దాటాక, మా ఇంట్లో మొదటి పట్టభద్రుడనైన నేను, ఆ పుస్తకాలను కంప్యూటరులోకి ఎక్కించే ఉద్యోగంలో చేరాను. నీళ్ళు పడని బోర్లే ఎక్కువ ఉన్నాయేమని మొదటిరోజే అడిగాను. "పడినవి కండ్లకు కనపడతాయప్పా. పడనివాటిని పూడ్చి పైన చెనిక్కాయ ఇత్తుతారు. అవి మన పుస్తకంలో తప్ప ఇంక యాడా ఉండవు" అన్నారు.

ఎక్కించడం పూర్తికాగానే మా డైరెక్టరు ఆ పుస్తకాలను పాత కాగితాలవాడికి వేయించి, ఓబులేసు గారిని ధర్మవరం శాఖకు పంపారు. సమాచారమంతా బెంగుళూరులోని ఒక కంపెనీ సర్వరులో, అద్దెకు తీసుకున్న కొద్దిపాటి చోటులో ఉండేది. ఒకనాడు ఆ కంపెనీ నుండి హెచ్చరిక వచ్చింది: చోటు నిండవచ్చింది, నిండితే కొత్తవేవీ నమోదు కావు. ఆ సంగతి చెబితే డైరెక్టరు తల ఎత్తనైనా ఎత్తలేదు. "ఎండిన బోర్లతో ఏం పనబ్బా? పూజ చేస్తావా వాటికి? తీసేయ్" అన్నారు.

ఓబులేసు గారికి ఫోను చేయాలనిపించింది. చేయలేదు. నేను టైపు చేసిన ఒక్క ఆజ్ఞతో నీళ్ళు పడని బోర్ల వరుసలన్నీ, ఆయన పదేళ్ళ నడక, పోయాయి. ఎంత చోటు నిండిందో చూపే అంకెను ఆత్రంగా చూశాను. అది కదలలేదు. వరుసలు తీసేసినా వాటి చోటు ఖాళీగా ఆ పట్టికలోనే ఉండిపోతుందని, మిగిలినవాటితో పట్టికను తిరిగి కడితేగాని బయటకు రాదని నాకప్పటికి తెలియదు. పని అయిందని మాత్రం డైరెక్టరుకు చెప్పాను.

నెల దాటాక కనగానపల్లి వైపు నుండి గంగమ్మ అనే రైతు వచ్చింది. కొత్తగా కొన్న చేనులో బోరు వేయించబోతోంది. "ఆ చేన్లో ముందెప్పుడన్నా బోరు ఏసిండారా? మీ మిషన్లో చూసి చెప్పు నాయనా. ఎద్దులమ్మి ఏపిస్తాండా" అంది. వెతికాను. తెర ఖాళీగా ఉంది. "లేదమ్మా" అన్నాను. ఆమె నాకు దండం పెట్టి వెళ్ళింది.

ఆమె వేయించిన బోరులో రాతిపొడే వచ్చింది. పాత బోరు పూడ్చిన తావుకు మూడు గజాల దూరంలోనే వేశారని ఊరి పెద్దలు తరువాత చెప్పారు. సంగతి తెలిసి ఓబులేసు గారు ధర్మవరం నుండి బస్సెక్కి వచ్చి, సంచి దించకుండానే అడిగారు.

"ఆ యమ్మకు నువ్వు లేదన్నావా, తెలీదన్నావా?"

"తెరమీద ఏమీ రాలేదు సార్."

"నేనడిగింది అది కాదు."

"లేదన్నాను."

"పది తప్పినోణ్ణి నేను. ఎండలో టేపు పట్టుకోని రాసినా. డిగ్రీ చదివినోడివి, కూర్చోని చెరిపినావు. ఎందుకప్పా?"

"చోటు చాలలేదు సార్."

"ఏది ఎంత తింటాందో కొలిచినావా?"

కొలవలేదు. ఆ మధ్యాహ్నం ఆయన పక్కన కూర్చుని పట్టిక తరువాత పట్టిక కొలిచాను. బోర్ల వరుసలన్నీ కలిపినా పిడికెడే. చోటంతా తిన్నవి ప్రారంభోత్సవాల ఫోటోలు. సైజు ఏమాత్రం తగ్గించకుండా డేటాబేసులోనే కుక్కినవి. ప్రతి దానిలోనూ దండలతో డైరెక్టరు. ఓబులేసు గారు తెరమీది దండలను వేలితో చూపారు. "నీళ్ళు పడని బోర్లు బరువైనాయి. ఈయప్ప మెడలో పూలు బరువు కాల్యా?" అన్నారు.

ఫోటోలను సీడీలకు మార్చి, పట్టికలను తిరిగి కట్టాను. చోటు సగానికి పైగా ఖాళీ అయింది. పోయిన వరుసలు మాత్రం తిరిగి రాలేదు. కంపెనీ దాచే నకలు వారానికొకసారి మారిపోయేది; నెల కిందటిది మిగలలేదు. ఇదంతా డైరెక్టరుకు వివరిస్తే ఆయన అడిగింది ఒక్కటే: "ఫోటోలు ఒక్కటి కూడా పోలేదు కదా?"

ఆపై ఆదివారాలు ఓబులేసు గారూ నేనూ టేపు తీసుకుని చేలవెంట తిరిగాము. మొదట గంగమ్మ చేనుకే వెళ్ళాము. "ఇప్పుడు రాసుకుంటే నా ఎద్దులొస్తాయా?" అందామె. ఆయన పాత బోరునూ కొత్త బోరునూ నాచేతనే రాయించారు. మోకాళ్ళు సహకరించినంత కాలం ఆయన నడిచారు. ఎన్నో ఊళ్ళు మిగిలిపోయాయి. వాటిని రాయకుండానే ఆయన కన్నుమూశారు.

ఈనాడు నేను అంతకన్నా ఎంతో పెద్ద డేటాబేసులు చూస్తున్నాను. చోటు చాలదన్న మాట వినగానే ముందు కొలుస్తాను. మొన్న బోరు బండి రాకముందు పక్క స్థలం ఆయన గోడ దగ్గరకు వచ్చి, "ఈడ ముందు బోరు ఏసిండారా సార్?" అని అడిగారు. నాకు తెలియదని, పాతవాళ్ళను విచారించమని చెప్పాను. "కంప్యూటర్ సారుకే తెలీదంటే ఎట్లబ్బా!" అని నవ్వారు. నేను నవ్వలేకపోయాను. తెలియదు అన్న ఆ ఒక్క మాట నేను నేర్చుకోవడానికి గంగమ్మ ఎద్దులు పోవలసి వచ్చింది. డైరెక్టరు మీది కోపం ఇన్నేళ్ళయినా చల్లారలేదు. కానీ ఆ రోజు ఆమెకు "లేదమ్మా" అని చెప్పిన గొంతు ఆయనది కాదు.